ఉన్ని కింద ఎముక

తాతకు దగ్గులు నేర్పడానికి నిన్న గోర్ ఊరి నుంచి సలహాదారు దిగింది. పేరు బ్రోనీ, మా ఆవిడకు తెలిసినవాళ్ల అమ్మాయే. నలభై ఏళ్లుగా గేటు మీద మోచేతులాన్చి గొర్రెలను చూస్తున్న నాకు, గొర్రెను ఎలా చూడాలో చెబుతుందట. వయసులో నా గమ్‌బూట్లే ఆమెకంటే పెద్దవి.

“కళ్లతో కాదు స్ట్రూవాన్ గారూ, చేత్తో చూడాలి. ఉన్ని అబద్ధాలాడుతుంది.”

“అయ్యో, ఇన్నాళ్లూ నా గొర్రెలే నన్ను మోసం చేశాయన్నమాట!”

ఒక గొర్రెను పట్టుకుని, దాని చివరి పక్కటెముక వెనక, వెన్ను మీద వేళ్లు నొక్కి చూపించింది. ఎముక గుచ్చుకుంటే ఒక మార్కు, వేళ్లు కొవ్వులో దిగిపోతే ఐదు. రెండు దాటని గొర్రెను, జతకట్టడానికి పొట్టేళ్లను వదిలేలోపే, మందలోంచి విడదీసి, మంచి మేతలో పెట్టాలట.

మధ్యాహ్నందాకా నా మందను తడిమింది. ఒక్కదానికీ మూడుకు తగ్గలేదు.

“నేర్పడానికొచ్చి నేర్చుకుని పోతున్నావమ్మాయ్!” అన్నాను.

ఆమె నవ్వి, వెళ్తూ వెళ్తూ నా వీపు తట్టింది. మా ఆవిడ అల్లిన లావుపాటి స్వెట్టర్ మీద పడిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. వేళ్లు మెల్లగా వెన్ను మీదికి జరిగాయి.

“ఆంటీ పోయాక వంట చేసుకుంటున్నారా?”

“రోజూ టోస్టు కాల్చుకుంటున్నాగా. అది వంట కాదా?”

ఆమె కారు తలుపు తీసి పట్టుకుంది.

“ఎక్కండి. ఇవాళ మా అమ్మ మటన్ రోస్టు చేసింది.”

“మరి గొర్రెలో?”

“వాటికి మూడొచ్చాయి. మీకు ఒకటే.”