ముందే మోగిన అజాన్

అజాన్ మొదటి పలుకు ఊరి మీదికి వెళ్ళిపోయాక గాని సుహైల్ గోడ గడియారం వంక చూడలేదు. పొద్దు ఇంకా కుంకలేదు.

చటుక్కున ఆపేశాడు. అప్పటికే కరక్ కోట కిందున్న మసీదుల మైకులన్నీ ఆ పలుకు పలికేశాయి. రంజాన్ నెల. ఖర్జూరం చేత పట్టుకుని, ఉపవాసం విడవడానికి జనం ఆ పలుకు కోసమే చెవులప్పగించి కూర్చునే వేళ.

ఆ మసీదులన్నిటికీ అజాన్ పలికే మౌజన్ గొంతు వెళ్ళేది సుహైల్ పనిచేసే ఈ గదిలోని సర్వరు నుంచే. మసీదులు పెరిగాయి. ఒక్క నెట్‌వర్క్ కార్డు ఆ బరువు మోయలేక, కొసన ఉన్న పేటల్లో గొంతు ముక్కలు ముక్కలుగా వినపడేది. అందుకని సుహైల్ ఆ మధ్యాహ్నం సర్వరులో ఉన్న రెండు కార్డులనూ జోడించి ఒకటిగా చేశాడు. అంతకుముందు రెండో కార్డు పరీక్షల కోసం ఉండేది. రికార్డు చేసిన అజాన్ దాని ద్వారా పంపితే గదిలోని చిన్న స్పీకరు దాటి పోయేది కాదు. చేతికి ఆ అలవాటు పోలేదు. ఎప్పట్లాగే పరీక్షకని పంపాడు. ఇప్పుడు రెండోదంటూ లేదని, రెండూ ఒకటేనని ఆ క్షణాన తోచలేదు.

పై అధికారి తైసీర్ ఫోను చేశాడు. ఆయన అరవలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

“కడుపు కాలేవాడెవడైనా ఈ వేళప్పుడు గడియారం చూడకుండా ఉంటాడా, సుహైల్?”

మిగతావాళ్ళు ఇఫ్తారుకు ఇళ్ళకు పోవాలి కదా అని, నెలంతా సాయంత్రం డ్యూటీ అడిగి మరీ తీసుకున్నది సుహైలే.

తొందరపడి తిన్నవాళ్ళ రోజా చెల్లదనీ, పండగయ్యాక బదులుగా ఇంకో రోజు ఉపవాసం ఉండాలనీ ఇమాం చెప్పాడట. సుహైల్ వీధిలో కనబడితే కుర్రవాళ్ళు చేతి వాచీలు పైకెత్తి చూపించేవారు. అది భరించాడు. భరించలేకపోయింది ఎదురింటి ఉమ్ అవ్వాద్ సంగతి. ఆమెకు డెబ్బై దాటాయి. షుగరు. డాక్టరు వద్దన్నా, కొడుకులు వద్దన్నా, ఒక్క రోజా తప్పకుండా నెల ముగించాలని ఆమె పంతం. ఆ సాయంత్రం మైకును నమ్మి ఖర్జూరం కొరికింది.

మర్నాడే వెళ్ళి తప్పు ఒప్పుకున్నాడు. ఆమె ద్రాక్షాకుల్లో బియ్యం చుడుతూ విన్నది.

“నీ మిషనుకు నాకన్నా ఎక్కువ ఆకలేసిందేమిట్రా?”

“మీ రోజా చెడగొట్టాను, ఖాలా.”

“ఇంకోటి ఉంటాలే. చావను.”

ఆ చివరి మాట అతన్ని వదల్లేదు. ఆమెకు కళ్ళు తిరిగితే? పడిపోతే? పండగ పూట కూడా ఎదురింటి తలుపు వైపే చూస్తూ గడిపాడు.

పండగ వెళ్ళింది. ఊరంతా మళ్ళీ పట్టపగలు కాఫీలు తాగుతున్న ఒక రోజున, ఆమె ఆ బదులు ఉపవాసం పట్టింది. తెలిసి సుహైల్ సెలవు పెట్టాడు. పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మధ్యాహ్నానికి నాలుక పిడచగట్టుకుపోయింది. సాయంత్రం ఆమె గడపలో చతికిలబడ్డాడు.

ఆమె అతని పెదాలు చూసి కనిపెట్టింది.

“నువ్వెందుకురా పస్తుండటం?”

“మీరక్కడ ఉపవాసముంటే నాకిక్కడ ముద్ద దిగలేదు.”

ఆమె లోపలికి వెళ్ళి పప్పుచారు గిన్నె తెచ్చింది. తనకొక్కదానికే పెట్టుకున్న ఖర్జూరాల పళ్ళేన్ని ఇద్దరి మధ్యకు జరిపింది.

అజాన్ మోగింది. గొంతు ఎక్కడా తెగలేదు. అయినా ఆమె చెయ్యి పళ్ళెం మీదే ఆగింది. మెడ సాచి పడమటి కొండను చూసింది.

“ఈసారి నిజమేనా?”

“నిజమే ఖాలా. ఇవాళ నేను సెలవులో ఉన్నాను.”

ఆమె నవ్వింది. బిస్మిల్లా అనుకుని ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, ఇంకొకటి అతని చేతిలో పెట్టింది.

అది నోట్లో పెట్టుకునే ముందు సుహైల్ కళ్ళు మూసుకుని, చిన్నప్పుడు అమ్మ నేర్పినట్టే, నుదుటి మీదా గుండె మీదా రెండు భుజాల మీదా శిలువ గుర్తు వేసుకున్నాడు.