నీడకు ప్యాంటు

"ఆ నీడ తీసెయ్ నాయనా."

వెనక నుంచి మాట వినిపించి వంశీ మౌస్ వదిలి తిరిగి చూశాడు.

కేబుల్ ఆఫీసు గుమ్మంలో ఒకావిడ. ముతక చీర, తల మీదుగా కొంగు. యాడికి ఊళ్లో బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది, చెమటలు కారుతున్నాయి.

"ఎవరమ్మా నువ్వు? లోపలికి ఎవరు రమ్మన్నారు?"

"ఎవురూ రమ్మన్లేదు. సాయంత్రం వార్తల్లో గోడ రాతల బొమ్మ ఏస్తాండారంట. సూద్దామని వచ్చినా."

వంశీకి లోలోపల గర్వమే. పొద్దున్నించీ పడ్డ కష్టం అది.

తెర మీద తెల్లటి గోడ. దాని మీద వేల ఎర్ర చుక్కలు తుంపరగా ఎగిసి, మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా అంటుకుంటున్నాయి. చుక్కలు కూడి అక్షరాలవుతున్నాయి. అక్కడక్కడా రంగు కిందికి జారుతోంది కూడా.

'ఈ బోరు ఊరిది.'

కరువులో ఊరికోసం సర్కారు వేసిన బోరును లోపలికి కలుపుకుని పెద్ద రైతు ఎర్రన్న కాంపౌండు కట్టేశాడు. మొన్న తెల్లారేసరికి ఆ గోడ మీద ఈ మాట ఉంది. ఎర్రన్న మనుషులు వెంటనే సున్నం కొట్టేశారు. ఒక్క ఫోటో మిగల్లేదు. ఎర్రన్న కంప్లయింటుతో, కాలేజీలో చదివే నరసింహులును అనుమానం మీద పోలీసులు పట్టుకుపోయారు.

అందుకే వంశీ ఆ చుక్కల ముందు ఒక నీడను నిలబెట్టాడు. ప్యాంటు, రింగుల జుట్టు, చేతిలో స్ప్రే డబ్బా.

"నరసింహులు మాదిరే ఉండాది," అందామె.

"వాడే కదమ్మా రాసింది!"

"నువ్వు సూసినావా?"

"ఊరంతా అంటాంది."

"ఊరంతా అంటే నువ్వు బొమ్మ గీసేస్తావా? ఇది సూసినంక వాణ్ని ఎవురిడుస్తారప్పా? సదువు పాయ, బతుకు పాయ. ఆ నీడకు ప్యాంటు ఇప్పి చీర కట్టు."

వంశీ పకపకా నవ్వాడు.

"చీరా! ఎర్రన్న గోడ మీద ఆడది రాసిందంటే జనం నవ్వుతారు. పోమ్మా, పో. దీన్ని వీడియో అయ్యేట్టు రెండర్‌కు పెట్టాల, టైమైతాంది."

"నమ్మరంటావా?"

"నమ్మరు."

"సరే. నమ్మించే పని నేను సూసుకుంటాలే," అని ఆమె మెట్లు దిగిపోయింది.

సాయంత్రం వార్తల్లో బొమ్మ వచ్చింది. నరసింహులే రాశాడని టీ కొట్లు తేల్చేశాయి.

మర్నాడు పొద్దున ఫోను. "మళ్లీ రాస్తాండారంటప్పా, పట్టపగలే!"

వంశీ కెమెరా భుజాన వేసుకుని బండి మీద ఉరికాడు.

గోడ ముందు జనం. వాళ్ల మధ్యలో నిన్నటి ఆమే! వీపున వేరుశనగ చేనుకు మందు కొట్టే పంపు. ఒక చేత్తో పిడి కొడుతూ ఇంకో చేత్తో గొట్టం ఆడిస్తోంది. కొత్త సున్నం మీద ఎర్ర తుంపర పడుతోంది.

జీపు వచ్చి ఆగింది. ఎస్సై దిగి అరిచాడు.

"ఏయ్, ఎవరమ్మా నువ్వు? దించు ఆ పంపు!"

"అక్షరం పూర్తి కానీ," అందామె తల తిప్పకుండానే.

పూర్తి చేశాకే తిరిగింది.

"మొన్న రాసిందీ నేనే. ఆ రాత సూసినోళ్లు ఈడనే ఉండారు, ఇదీ అదే చేతిరాతో కాదో అడుగు. పిల్లోణ్ని ఇడిసిపెట్టు."

"అయితే నువ్వెక్కు జీపు. గోడ పాడు చేసిన కేసు."

"గోడాయన్ను అడిగినావా?"

గేటు దగ్గర ఎర్రన్న నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఈమె మీద కంప్లయింటు మార్చి రాసియ్యండి," అన్నాడు ఎస్సై.

ఎర్రన్న జనం వంక చూశాడు.

"రాయి," అందామె సూటిగా అతన్నే చూస్తూ. "రాయలేకపోతే బోరు కాడికి దారి ఇడువు."

"అందరూ సూస్తాండారు," ఎర్రన్న గొంతు తగ్గించాడు. "లోపలికి రా."

ఆమె కదల్లేదు.

కెమెరా ఆన్ చేయడం కూడా మరిచిన వంశీ పక్కనున్న ముసలామెను అడిగాడు.

"ఎవరవ్వా ఈమె?"

"రామసుబ్బమ్మ. ఎర్రన్న పెండ్లామప్పా, ఆ గోడ కట్టినంక ఆయమ్మను మేము బయట సూడ్డం ఇదే మొదలు."