శొంఠి కషాయం

నిహారికకు నెలసరి వచ్చినప్పుడల్లా తల్లి హైమావతి శొంఠి కషాయం కాచి ఇచ్చేది. అది తాగి, "తగ్గిందమ్మా" అనేది నిహారిక.

ఈసారి రేపల్లెలో కాలేజీకి వెళ్లి, కడుపునొప్పితో పడిపోయింది. తెనాలి తీసుకెళ్లి స్కానింగ్ చేయిస్తే అండాశయంలో పెద్ద గడ్డ ఉందని తేలింది.

"నా కషాయం వల్లే వచ్చిందాండీ?" డాక్టరుని అడిగింది హైమావతి.

"కాదమ్మా. మామూలు నెలసరి నొప్పి శొంఠితో కొంత తగ్గొచ్చని కొన్ని పరిశోధనలున్నాయి. ఈ గడ్డ మాత్రం దాంతో పోదు. ముందే తీసుకురావాల్సింది," అంది డాక్టరు.

బయట బెంచీ మీద కూర్చుని హైమావతి ఏడ్చేసింది. "నీకు తగ్గుతోందనే అనుకున్నానే."

నిహారిక తల దించుకుంది. "ఒక్కసారి కూడా తగ్గలేదమ్మా. పనులన్నీ వదిలేసి కాచి ఇస్తుంటే, తగ్గలేదని నీతో చెప్పలేకపోయాను."

హైమావతి కళ్లు తుడుచుకుని, కూతురి చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడెలా ఉంది?"

"చాలా నొప్పిగా ఉందమ్మా."