రాజుగారి ఆకుల డబ్బా

శుక్రవారం మధ్యాహ్నం కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, నమాజుకు వెళ్ళగానే థాయ్ రాజుగారి డబ్బా కొట్టేయాలని లోవరాజు నిశ్చయించుకున్నాడు. చేతిలో ఉండేది ముప్పావుగంట. రేపో మాపో లంకనేలబోయేవాడికి అది ఎక్కువే.

ఆ లంక సంగతి ముందు చెప్పాలి. లోవరాజు గల్ఫ్‌లో, హమద్ టౌన్‌లో ఆ కఫీల్ ఇంట్లో డ్రైవరు. రెండు నెలల కిందట, తొంభై అయిదు వేసవిలో, కఫీల్ థాయ్‌లాండ్‌లో ఫుకెట్ అనే దీవి చూసొచ్చాడు. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటిదాకా ఒకటే వర్ణన. చుట్టూ నీళ్ళట, మధ్యలో ఇసకట, కొబ్బరిచెట్టట, చెట్టుకింద కుర్చీ వేసి చేతికి బొండాం ఇస్తారట. దానికి ఎదురు డబ్బులట!

కొబ్బరిచెట్టు కింద కూర్చోడానికి డబ్బులా! కోనసీమలో పుట్టిన లోవరాజుకు స్టీరింగు మీద చెయ్యి జారింది. కారు ఇల్లు చేరేలోపు మనసులో గోదావరి లంక ఒకటి కొనేశాడు, కుర్చీలు వేసేశాడు, బొండాలు కొట్టించేశాడు. ఇక కావలసిందల్లా పెట్టుబడి.

ఆ పెట్టుబడీ కఫీల్ సంచిలోనే దిగింది. గుండ్రటి డబ్బా, పైన మూత, కాకిపిల్లలా నలుపు. థాయ్ రాజవంశం వారిదని అమ్మినవాడు చెప్పాడట. అడుగున రాజముద్ర, రెక్కలు విప్పిన గరుత్మంతుడు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, అతిథులు కూర్చునే గదిలో అద్దాల బీరువాలో పెట్టించి, వచ్చినవాడికల్లా కథ చెప్పేవాడు. మొదటివారం అది అంతఃపుర దాసిది. రెండోవారం రాణిగారిది. నెల తిరిగేసరికి, రాజుగారు సింహాసనమైనా దిగేవారుగాని ఆ డబ్బా దించేవారు కారు. కథ పెరిగినకొద్దీ కఫీల్ దానివైపు చూడటమే మానేశాడు. చెప్పుకోడానికి కళ్ళెందుకు?

అది దేనికి పనికొస్తుందో మాత్రం ఆయనకు తెలీదు. వంటమనిషి నరసాయమ్మ మొదటిరోజే చెప్పింది.

"ఆకులూ వక్కలూ పెట్టుకునే డబ్బా గదా ఇది!"

నరసాయమ్మదీ కోనసీమే. ఆ ఇంట్లో ఆమె చింతపండు పెట్టి తోమనిది కఫీల్ బట్టతల ఒక్కటే. రోజూ భోజనం కాగానే లోవరాజు వంటింటి గుమ్మంలో చెయ్యి చాపేవాడు. మొదట్లో బిస్కెట్ల డబ్బాలోంచి ఆమే ఆకు చుట్టి ఇచ్చేది. నెలరోజులుగా మాత్రం తళతళలాడే ఇత్తడి డబ్బా ఒకటి అతని ముందుకు తోసి, నువ్వే తీసుకోమంటోంది.

"ఏంటక్కా, మొహం చూసుకుని మీసం దువ్వుకోవచ్చు! ఎక్కడ కొన్నావు?"

"కొనడమేంట్రా? నా పెళ్ళికి మాయమ్మ పెట్టింది. పెట్లోంచి తీసి తోమాను."

"ఉండు, చేతులు కడుక్కొస్తా. చేపల పులుసు జిడ్డు."

"ఫర్లేదులే, తీసుకో. నీకంటే అది ఎక్కువా?"

గరిట ముట్టుకుంటేనే కయ్యిమనే మనిషి! లోవరాజుకు అప్పుడే అనుమానం రావలసింది. కాని లంక మీద ఉన్నవాడికి వంటిల్లు కనపడదు.

హూరాలో పాత సామాన్ల దుకాణం నడిపే మునవ్వర్‌ది కరీంనగర్. అతనితో బేరం ముందే కుదిరింది. షరతు ఒక్కటే.

"తుడ్వకు భాయ్. గుడ్డ గూడ తగలనియ్యకు. పాత సామాన్‌కు నలుపే బంగారం. తోమినవనుకో, ఇగ అది చెంబు కింద లెక్క."

శుక్రవారం రానే వచ్చింది. కఫీల్ పక్కవీధి మసీదుకు నడిచి వెళ్ళాడు. సల్మాబాద్ వర్క్‌షాపులో చేయించి, పొగ పట్టించిన నకిలీ డబ్బా బీరువాలోకి వెళ్ళింది. లోపలిది పాత బనీనులో చుట్టుకుని బయటికొచ్చింది. సాయంత్రం హూరా చేరేదాకా లోవరాజు కారు అద్దంలో వెనక్కి చూసుకుంటూనే ఉన్నాడు. దొరికాడా, లంక లేదు సరికదా, జైలు.

మునవ్వర్ పసిబిడ్డను ఎత్తుకున్నట్టు డబ్బాను రెండుచేతులా అందుకున్నాడు. నలుపు చూసి మురిశాడు. తిరగేసి భూతద్దం పెట్టాడు. మొహం మారిపోయింది.

"లోవరాజూ, థాయ్ రాజుగారి బేగంది ఏ ఊరు?"

"నాకేం తెలుసండీ?"

"అంబాజీపేటనట. పేరు గూడ ఉన్నది, సూడు."

అడుగున గరుత్మంతుడు లేడు. పెళ్ళిసామాను మీద కొట్టువాడు చుక్కలు చుక్కలుగా కొట్టే తెలుగక్షరాలున్నాయి. నరసాయమ్మ, అంబాజీపేట.

లోవరాజు లంక అక్కడికక్కడే గోదాట్లో మునిగింది. తనకంటే ముందే దొంగ పడింది! ఆ దొంగ వంటింట్లో ఉంది!

ఆవేశంగా ఇంటికొచ్చి, నల్లడబ్బాను నరసాయమ్మ ముందు ఠంగుమని పెట్టాడు. గట్టుమీది తళతళల డబ్బా తీసి తిరగేశాడు. రెక్కలు విప్పుకుని గరుత్మంతుడు మిలమిల మెరిశాడు.

"దొంగా! రాజుగారి డబ్బా కొట్టేసి, నాకు దాంట్లోనే ఆకులు పెడతావా?"

"నెమ్మదిరా! నా డబ్బా నీ చేతికెలాగొచ్చిందో నేనడగను. నువ్వూ అరవకు." నరసాయమ్మ గొంతు తగ్గించింది. "కొట్టేయడమేంట్రా నా మొహం! బీరువా దులుపుతుంటే మురికోడుతోంది గదాని చింతపండు పెట్టాను. కాస్తా పెళ్ళికొడుకైపోయింది. కఫీల్ చూస్తే విమానం ఎక్కించేస్తాడని, పెట్లో నల్లబడ్డ నాది అక్కడ పెట్టాను."

"తోమేశావా?" లోవరాజు కూలబడ్డాడు. "మరి దీన్నేం చేద్దామని?"

నరసాయమ్మ మూత తీసి అతని ముందుకు తోసింది.

"అందుకే గదరా నెలరోజులుగా నీ జిడ్డుచేతులతో రోజూ పట్టిస్తన్నాను, ఇంకో ఏడాది ఇద్దరం ఇలాగే నమిలామంటే మళ్ళీ నల్లబడి రాజుగారిదైపోద్ది. కానీ, వేసుకో!"