గోడవతలి కంప్యూటర్

"ఆ మహాతల్లే వైరు తెంపేసుంటాదప్పా! కడుపుమంట," అంది హేమలత, గోడ కంతలోంచి వచ్చిన నీలం వైరు చూపిస్తూ. గోడవతల ఇల్లు తోడికోడలు ఆదిలక్ష్మమ్మది.

పుంగనూరు నుంచి వచ్చిన మెకానిక్ మురళి తలాడించాడు. "వైరు బాగుండాదమ్మా. అవతలింటి కంప్యూటర్ ఆన్‌లో ఉంటేనే మీ దానికి నెట్ వస్తాది. ఈపొద్దు ఆన్ చేయలేదు, అంతే."

హేమలత కూతురు హరితకు అంతు పట్టలేదు. పెదనాయన ఉన్నప్పుడు రెండిళ్ళకూ కలిపి పెట్టించిన నెట్ అది. ఇప్పుడా ఇంట్లో పెద్దమ్మ ఒక్కతే. బోరు నీళ్ళ దగ్గర తగువొచ్చి అమ్మకూ ఆమెకూ ఎనిమిది నెలలుగా మాటల్లేవు.

"పెద్దమ్మకు కంప్యూటర్ రాదన్నా. అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటాదనుకున్నా."

"ఎప్పుడూ నెట్ వస్తాందా నీకు?"

హరిత ఆలోచించింది. ఇంటినుంచే చేసే ఉద్యోగానికి తను కూర్చునే తొమ్మిదికి వస్తుంది. లేచే ఆరుకి పోతుంది. సెలవురోజు సినిమా చూద్దామంటే అసలు రాదు.

"అయితే నీకోసరమే రోజూ స్విచ్చేస్తాండాది," అన్నాడు మురళి.

గడియారం పదిన్నర చూపిస్తోంది.

"అమ్మా, ఇన్ని నెలల్లో ఒక్కరోజూ మరవలేదు. ఈపొద్దు యాల మరిసింది?"

హేమలత గోడ దగ్గర కూలబడి, కంతకు నోరు ఆనించింది.

"అక్కా!"

అవతల పలుకు లేదు.

హరిత వాకిట్లోకి పరుగెత్తేసరికే, చచ్చినా తొక్కనన్న ఆ ఇంటి గడపను అమ్మ దాటేసింది.