పేరు తెలియని మనిషి

"రక్తం ఇయ్యనంటాంది పాపా, నీ కంప్యూటరు. పేరు కావాలంట," అంది నర్సు మీనాంబాళ్.

గోరిమేడు దగ్గరి ఆసుపత్రి కోసం దేవిశ్రీ రాస్తున్న ప్రోగ్రాంలో రక్తం కోసం అడిగే ఈ పేజీ మొదటి భాగం. మిగతాది ఇంకా మొదలుపెట్టనే లేదు.

"పేరు రాయండక్కా."

"యాడ్నించి తెచ్చేది? నిన్న లారీ గుద్దినాయన్ని తెచ్చినారు. తెలివి లేదు, ఎంట ఎవురూ లేరు. రక్తం ఎక్కించినాకనే కండ్లు తెరిచినాడు."

దేవిశ్రీ తెర మీద ఖాళీగా ఉన్న పేరు గడి వైపు చూసింది. నిన్న ఈ ప్రోగ్రాం ఉండుంటే ఆయన బతికేవాడు కాదు.

"ముందైతే మొత్తం రాశాకే చూపిద్దామనుకున్నానక్కా. సగం పని చూస్తే తిడతారని భయమేసింది."

"ఇప్పుడు పోయిందా బయం?"

"లేదక్కా, పెరిగింది." దేవిశ్రీ నోటుపుస్తకం తెరిచింది. "ఆయన్ని లోపలికి తెచ్చినప్పటి నుంచి మీరేం చేశారో ఒక్కొక్కటీ చెప్పండి. ముందు అది రాసుకుంటాను."