అన్న బెల్టు పెట్టుకున్న రోజు

కారు కొత్తకోట దాటిందో లేదో, గోపాల్ అప్పటికే రెండు మూడుసార్లు పక్క సీటు వైపు చూశాడు. చూసినా నమ్మబుద్ధి కావడం లేదు. అన్న వీరేశం ఒంటి మీద సీటు బెల్టు ఉంది!

పెట్టింది గోపాలే. బజార్లో అన్నను ఎక్కించుకుని, బెల్టు లాగి, బిగించి, టక్కున నొక్కాడు. అన్న కాదనలేదు, కసురుకోలేదు. చిరునవ్వుతో ఎదురుగా రోడ్డు కేసి చూస్తున్నాడు.

"గింత బుద్ధిమంతునివి ఎప్పుడైనవే అన్నా?" అన్నాడు గోపాల్. నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

వీరేశానికీ సీటు బెల్టుకూ ఉన్న వైరం కొల్లాపూర్ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఆయనది ప్లాట్ల బ్రోకరు పని. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా లేనిదే గడప దాటింది లేదు. బెల్టు పెడితే ఆ చొక్కా కాస్తా నలుగుతుంది. నలిగిన చొక్కావాడి దగ్గర ప్లాటు ఎవడు కొంటాడు? ప్రాణం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇస్త్రీ ముఖ్యం.

చొక్కా అయిపోతే పొట్ట. బెల్టు పెడితే తిన్నది అరగదట. పొట్ట అయిపోతే పరువు. బెల్టు కట్టుకుని ఊళ్లోకి వస్తే, ఎవరో పేషంటును దవాఖానకు తీసుకుపోతున్నారని జనం అనుకుంటారట. వీటన్నిటికంటే పెద్ద వాదన ఇంకొకటి ఉంది. డ్రైవరు పక్కన కూర్చుని బెల్టు పెట్టుకోవడమంటే, నీ డ్రైవింగ్ మీద నాకు నమ్మకం లేదని అతని మొహం మీదే చెప్పడం. అంత మర్యాద లేని పని వీరేశం చేస్తాడా? మరి తనే నడిపేటప్పుడు? తన మీద తనకే నమ్మకం లేకపోవడం ఇంకా పెద్ద అవమానం కదా!

పాపం, కారుకు ఈ మర్యాదలేమీ తెలియవు. బెల్టు పెట్టకపోతే కుయ్ కుయ్‌మని మొత్తుకునేది. దాని నోరు మూయించింది గోపాల్. బెల్టు కొస దూర్చే చోట దూర్చడానికి ఉత్త క్లిప్పులు బజార్లో దొరుకుతాయి. బెల్టు పెట్టుకున్నారనుకుని కారు గప్‌చుప్‌గా ఉంటుంది. గోపాల్ ఓ జత కొన్నాడు. ఒకటి తన కారుకు, ఇంకొకటి దసరాకు అన్నకు బహుమతి. అన్న తెగ మురిసిపోయాడు.

"పీడ పోయింది తమ్మీ," అని భుజం తట్టాడు.

పీడ పోయింది. ఆ వెనకే కారూ పోయింది. ఈ మధ్యనే కల్వర్టు గోడకు గుద్దుకుని ముందు భాగమంతా నుజ్జునుజ్జయింది. బాగుచేయడం తన వల్ల కాదని మెకానిక్ చేతులెత్తేశాడు. అన్న ఇవాళ తమ్ముడి కారులో వస్తున్నది అందుకే. ఆ రోజు నుంచి బెల్టు గురించి అన్న ఒక్క ముక్క వాదించింది లేదు.

ఫోన్ మోగింది. వదిన కోమల. గొంతు బొంగురుపోయి ఉంది.

"మీ అన్నకు బెల్టు పెట్టినవా గోపాల్?"

"పెట్టిన వదినా."

"ఈసారన్న సక్కగ ఇంటికి రావాలె. ఒక్క గీత గూడ పడొద్దు."

పడనివ్వనని మాటిచ్చాడు గోపాల్. ఈ మాట కూడా నిలబెట్టుకోకపోతే ఆమె మొహం ఎట్లా చూడాలి? ఆ క్లిప్పు కొనిచ్చింది ఎవరో వదినకు తెలుసు. తెలిసీ ఇప్పటిదాకా పల్లెత్తు మాట అనలేదు. అదే అతణ్ణి లోపల తినేస్తోంది.

స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఎడమ చెయ్యి చాపి అన్నకు అడ్డం పెట్టాడు. బెల్టు ఉంది కదా అంటే, ఉంటే ఉండనీ. అన్నకు బెల్టూ, చెయ్యీ రెండూ కావాలి. తన సీటుకు మాత్రం బెల్టు బదులు ఆ పాత క్లిప్పే ఉంది, కారు నోరు మూసుకునే ఉంది. దాన్ని పీకి పారేద్దామని పొద్దున్నుంచీ అనుకుంటున్నాడు. కానీ పీకితే తప్పు ఒప్పుకున్నట్టే. ఒప్పుకోవడానికి ధైర్యం చాలడం లేదు.

పెబ్బేరు దాటే చోట పోలీసు చెయ్యెత్తాడు. కిటికీలోకి వంగి బెల్టేదని గద్దించాడు. జరిమానా రాయబోతూ పక్క సీటు కేసి చూశాడు. అన్న మొహం చూశాడు, అన్న మీది బెల్టు చూశాడు, మళ్లీ గోపాల్‌ను చూశాడు. రాయడం ఆపేశాడు.

"పో తమ్మీ. నువ్వు గూడ జర పెట్టుకో," అన్నాడు మెల్లగా.

అన్న పక్కనుంటే ఏ పోలీసూ జరిమానా రాయడని గోపాల్ దోస్తుల దగ్గర గొప్పలు చెప్పుకునేవాడు. ఆ పలుకుబడి ఇవాళా చెక్కుచెదరలేదు. పెట్టుకుంటానన్నాడు గోపాల్. బండి కదిలాక పెట్టుకోలేదు.

ఊరి దారిలోకి తిరిగాక అన్నీ గతుకులే. ఎద్దుబండి కంటే నెమ్మదిగా నడిపాడు. ఓ చోట ఆగి అన్న చొక్కా కేసి చూశాడు. అంతదూరం బెల్టు కింద ఉండి కూడా గంజి చొక్కా మడత నలగలేదు. ఇన్నేళ్లు దేనికి భయపడ్డట్టు?

"చూసినవా అన్నా, అంగి నలగనే లేదు," అన్నాడు.

కారు ఇంటి ముందు ఆగేసరికి కోమల వాకిట్లోకి వచ్చి నిలబడింది.

గోపాల్ బెల్టు విప్పి, అన్నను రెండు చేతులా ఎత్తుకొచ్చి, దినాల కోసం వేసిన టెంటు కింద కుర్చీలో ఆనించి పెడితే, వదిన కొంగుతో ఫొటో అద్దం తుడిచి దండ వేసింది.